చర్చి ఆవరణలో నాచులు, లివర్‌వర్టులు: హైదరాబాద్‌లో వెతికే తీరు, గుర్తుపట్టే తీరు

హైదరాబాద్‌లో ఒక నాచు పేరో, నాచుకు దగ్గరి బంధువైన లివర్‌వర్ట్ పేరో తెలుసుకోవాలంటే ముందు అది దేన్ని పట్టుకుని పెరుగుతోందో చూడాలి. గ్రానైటా, సున్నమా, షాబాదు బండా, ఉత్త మట్టా, చెట్టు బెరడా అన్నది తేలితే సగం పని అయినట్టే. ఈ అయిదూ నాలుగడుగుల దూరంలో దొరికే చోటు పాత చర్చి ఆవరణ, దానికి ఆనుకుని ఉండే సమాధుల తోట. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది, బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. నారాయణగూడ, భోయిగూడ సమాధుల తోటలు కూడా పాతవే. ఇలాంటి చోట్ల ఇంకో సౌకర్యం ఉంది: రాళ్ల మీద తేదీలు చెక్కి ఉంటాయి. ఒక రాయి ఎన్నేళ్లుగా ఎండకూ వానకూ నిలబడి ఉందో నగరంలో ఇంకెక్కడా ఇంత తేలిగ్గా తెలియదు.

ఎప్పుడు వెళ్లాలి

నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. గోడ మీది నాచులు వేసవి అంతా నల్లగా ముడుచుకుని బతికే ఉంటాయి కాబట్టి, తొలి వాన పడిన నిమిషాల్లోనే పచ్చబడతాయి. నేల మీది లివర్‌వర్టుల సంగతి వేరు. వాటిలో చాలా వరకు మట్టిలోని సిద్ధబీజాల (స్పోర్లు, విత్తనాల పని చేసే సూక్ష్మ కణాలు) నుంచి కొత్తగా మొలవాలి, దానికి కొన్ని వారాలు పడుతుంది. జూన్ చివర్లో వెళ్లి "ఇక్కడ లివర్‌వర్టులు లేవు" అని రాసుకుంటే అది తప్పుడు లెక్క.

ఒకే ఆవరణకు మూడుసార్లు వెళ్లేలా పెట్టుకోండి: జులై మొదట్లో ఒకసారి, ఆగస్టు రెండో సగంలో ఒకసారి, అక్టోబరు మొదటి పదిహేను రోజుల్లో ఒకసారి. మొదటిసారి గోడలు, రెండోసారి నేల, మూడోసారి గుళికలు, అంటే సిద్ధబీజాలుండే సంచులు. అక్టోబరు 15 దాటనివ్వకండి. నవంబరు 2 సమాధుల పండుగ. దానికి ముందు కుటుంబాలవాళ్లు వచ్చి కలుపు పీకుతారు, రాళ్లు కడుగుతారు, సున్నం వేస్తారు. వాళ్ల పని వాళ్లది, మన పనే అంతకు ముందు ముగియాలి.

వాన పడుతున్నప్పుడు వెళ్తే ప్రయోజనం లేదు. ఆకుల మీద నీటి పొర మెరుస్తుంటే లెన్సులో మెరుపు తప్ప ఆకు అంచు కనిపించదు. రాత్రి వాన పడిన మర్నాడు పొద్దున 7 నుంచి 10 మధ్య అన్నిటికంటే మంచిది. మొక్క విచ్చుకుని ఉంటుంది, పైన నీళ్లు ఆరి ఉంటాయి, ఎండ ఏటవాలుగా పడి చిన్న కాడలు కూడా పొడుచుకొచ్చినట్టు కనిపిస్తాయి.

అనుమతి, జాగ్రత్తలు

చర్చి ఆఫీసుకు వెళ్లి పాస్టర్ గారితోనో ఫాదర్ గారితోనో మాట్లాడండి. కొన్నిచోట్ల కమిటీ కార్యదర్శిని అడగమంటారు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇస్తే పని సులువవుతుంది: ఏ రోజు, ఎంతసేపు, ఎంతమంది, సమాధుల మీద ఏదీ గీకబోమని. గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా ఒక మాట చెప్పండి. మోకాళ్ల మీద కూర్చుని రాయికి ముఖం ఆనించి చూస్తున్న మనిషిని అనుమానించడంలో ఆయన తప్పేం లేదు. ఆదివారం ఆరాధన వేళ, అంత్యక్రియలు జరుగుతున్న రోజు వద్దు. కంటోన్మెంటు పరిధిలోని చర్చిల దగ్గర ఫొటోలు తీయొచ్చో లేదో ముందే అడగండి.

సమాధి మీద ఉన్నదాన్ని చూడొచ్చు, ఫొటో తీయొచ్చు, అంతే. నమూనా తీసుకోవాలంటే ప్రహరీ గోడ అడుగు, దారి అంచు, కాలువ గట్టు, రాలి పడిన గచ్చు పెళ్లలు చాలు. సమాధి మీదున్న జాతే పక్క గోడ మీదా దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

ఒరిగిన రాళ్లను ఆనుకోవద్దు. వానకు పునాది మెత్తబడి, అప్పటిదాకా నిలబడ్డ రాయి చెయ్యి వెయ్యగానే పడొచ్చు. పగుళ్లలో వేళ్లు పెట్టొద్దు, తేళ్లు ఉంటాయి. పొడవు గడ్డిలో పాములకు ఇదే కాలం కాబట్టి చీలమండ దాకా మూసే బూట్లు వేసుకుని, కర్రతో ముందు తట్టి అడుగు వెయ్యండి.

సంచిలో పెట్టుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైంది 10 రెట్ల చేతి లెన్సు, కంసాలులు వాడే మడత లెన్సు లాంటిది. 20 రెట్లది కొంటే ఎక్కువ కనిపిస్తుందనుకుంటారు కానీ, దాన్ని మొక్కకు మరీ దగ్గరగా పెట్టాలి, వెలుతురు అడ్డుపడుతుంది, బయట పనికి అది తలనొప్పే. లెన్సు పట్టుకోవడంలోనే చాలామంది తడబడతారు. పేపరు చదివే భూతద్దంలా దూరంగా పట్టుకుంటే ఏమీ తెలియదు. లెన్సును కంటికి దాదాపు ఆనించి, ఆ చేతిని బుగ్గకు ఆనించి, రెండో చేత్తో మొక్కను రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తీసుకురండి. గోడ మీది మొక్క అయితే తలే ముందుకు కదలాలి.

స్ప్రే సీసాలో 200 మిల్లీలీటర్ల నీళ్లు. వాన నీళ్లు లేదా ఫిల్టరు నీళ్లు పోసుకోండి. బోరు నీళ్లు ఆరాక ఆకుల మీద తెల్లటి పొర మిగులుస్తాయి, దాన్ని చూసి అది మొక్క లక్షణమే అనుకునే ప్రమాదం ఉంది. మొద్దు అంచు చాకు, సన్న మొన చిమటా (పట్టకారు), 15 సెంటీమీటర్ల స్కేలు, చిన్న టార్చి, పెన్సిలు, మడిచిన కాగితం పొట్లాలు ఓ డజను, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాటు ముక్క. పెన్ను వద్దు, తడి తగిలితే సిరా కారిపోతుంది. దోమల క్రీము మర్చిపోవద్దు.

మొదటి పని: ఆవరణ అంతా ఒక చుట్టు చుట్టడం

పావుగంట పాటు లెన్సు తీయకుండా నడవండి. కాగితం మీద ఆవరణ పటం రఫ్‌గా గీసి, ఎక్కడ ఏ రాయి ఉందో, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, నీడ ఎక్కడుందో గుర్తుపెట్టండి.

హైదరాబాద్ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. ఆమ్ల స్వభావం, నీళ్లు పీల్చదు. నిలువు గ్రానైటు ముఖం మీద ఎక్కువగా ఉండేవి లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే పొరలు), సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు వేసిన నల్లటి చారలు. నాచు దుమ్ము నిలిచే చోటే పడుతుంది: రాతి మెట్టు మూల, శిలువ పీఠం గట్టు, చెక్కిన అక్షరాల లోతు. నున్నగా పాలిష్ చేసిన నల్లరాయి మీద ఒక్క అక్షరాల్లో మాత్రమే పచ్చదనం కనిపించడానికి కారణం ఇదే.

సున్నం దగ్గర ఆట మారిపోతుంది. పాత గోడల్లో రాళ్ల మధ్య నింపిన సున్నం మెత్తన, నీటిని పట్టి ఉంచుతుంది, క్షారం. కొత్త సిమెంటు కూడా క్షారమే. దారుల్లో పరిచే షాబాదు, తాండూరు బండలు రెండూ సున్నపురాయే కాబట్టి వాటి అంచుల్లో ఉండేవీ సున్నాన్ని ఇష్టపడే జాతులే. ఒక పెళ్ల సున్నమో కాదో తెలియకపోతే, నేల మీద రాలి పడి ఉన్న ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి లెన్సుతో చూడండి, సున్నమైతే బుడగలు లేస్తాయి. ఈ పరీక్ష సమాధి రాయి మీద, చలువరాయి మీద ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఆమ్లం తగిలినచోట మెరుగు పోయి మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇక దిక్కు. నాచు ఉత్తరం వైపే ఉంటుందన్న మాట చలి దేశాల పుస్తకాల నుంచి వచ్చింది. మన నగరం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, అంటే ఆ కాలంలో ఉత్తరపు గోడకూ ఎండ తగులుతుంది. సెప్టెంబరు చివరి నుంచి ఆ గోడ పూర్తిగా నీడలోకి వెళ్లి మార్చి మూడో వారం దాకా అలాగే ఉంటుంది. దక్షిణపు గోడ అప్పటికి ఎండి బెరడు కడుతుంది. కాబట్టి అక్టోబరులో ఉత్తరం వైపు నుంచి మొదలుపెట్టడం న్యాయం, జులైలో మాత్రం దిక్కు కంటే చూరు నీళ్లు పడే చోటు, చెట్టు నీడ ఎక్కువ లెక్కకు వస్తాయి. పడమటి గాలితో వచ్చే వాన జల్లు నేరుగా కొట్టే పడమటి గోడ అడుగు కూడా వదలొద్దు.

రాతి మీది తేదీని గరిష్ఠ పరిమితిగానే తీసుకోండి. 1890 అని చెక్కి ఉన్నంత మాత్రాన దాని మీది నాచు అప్పటిది కాదు. సున్నం వేసిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

రెండో పని: నాచు కానివాటిని పక్కన పెట్టడం

కాలు జారే పచ్చటి జిగురు శైవలం, అంటే పాచి. వేళ్ల మధ్య రుద్దితే ఆకులూ కాడలూ ఏమీ తగలవు. వాన తర్వాత నేల మీద జెల్లీ ముద్దల్లా ఉబ్బి, ఎండితే నల్ల పెచ్చులయ్యేది నాస్టాక్. రాయికి అంటుకుని బూడిద, పసుపు, నారింజ రంగుల్లో ఉండేవి లైకెన్లు, నీళ్లు చల్లితే రంగు కాస్త మారుతుంది కానీ ఆకులు విచ్చుకోవు.

అసలు మోసం చేసేవి ఫెర్న్ పిల్లలు. సున్నపు గోడల్లో టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ చాలాచోట్ల ఉంటుంది. దాని సిద్ధబీజాల నుంచి మొదట వచ్చేది వేలిగోరు కంటే చిన్నదైన, హృదయాకారపు పలుచటి పచ్చని రేకు. కొత్తవాళ్లు దాన్ని లివర్‌వర్ట్ అని రాసేస్తారు. తేడా ఇదీ: ఫెర్న్ రేకు ఒక్కటే, ముందు ఒక నొక్కు ఉంటుంది, రెండుగా చీలుతూ పోదు, నడిమి గాడి ఉండదు, అంచుల దగ్గర గాజులా పారదర్శకంగా ఉంటుంది. చుట్టుపక్కల చూస్తే కొన్ని రేకుల కింద నుంచి మొదటి ఫెర్న్ ఆకు బయటికి వస్తూ కనిపిస్తుంది. అనుమానమొస్తే రెండు వారాలాగి మళ్లీ చూడటం ఉత్తమం.

మూడో పని: నాచులు

కాండం, దాని చుట్టూ ఆకులు, ఆకు మధ్యలో ఈనె ఉంటే అది నాచే అనుకోవచ్చు. ముందు ఎండిన రూపం ఫొటో తీయండి. తర్వాత నీళ్లు చల్లి, విచ్చుకున్నాక ఇంకో ఫొటో తీయండి. ఈ క్రమం తప్పితే సగం ఆధారం పోయినట్టే, ఎందుకంటే ఎండినప్పుడు ఆకు ముడుచుకునే తీరే చాలా జాతులకు గుర్తు.

సున్నం గోడ మీద మొట్టమొదట చూడాల్సింది హయోఫిలా ఇన్వాల్యూటా. ఎండినప్పుడు ముదురు గోధుమ-పచ్చ రంగు మొటిమల్లా ఉంటుంది. ఒక మొటిమ మీద లెన్సు పెట్టి ఒక్క చుక్క నీళ్లు వదలండి. ఆకు అంచులు రెండూ లోపలికి చుట్టుకుని గొట్టంలా ఉంటాయి. నీరు తగలగానే చుట్ట విప్పుకుని, నిమిషం లోపే నాలుక ఆకారపు వెడల్పాటి ఆకులు నక్షత్రం ఆకారంలో పరుచుకుంటాయి. ఈనె కొన దాకా వస్తుంది, కొన దగ్గర అంచున చిన్న పళ్లు ఉంటాయి. గుళిక నిటారుగా, స్తంభాకారంలో ఉంటుంది. మూత రాలాక నోటి చుట్టూ పళ్లు ఉండవు. ఈ ఒక్క నాచును బాగా గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ దానితో పోల్చి చూసుకోవచ్చు.

దాని పక్కనే, ఒక్కోసారి దానిలోనే కలిసిపోయి, బార్బులా ఇండికా ఉంటుంది. ఆకులు సన్నన, పొడవు, ఎండితే గొట్టంలా చుట్టుకోకుండా మెలికలు తిరుగుతాయి. ఆకుల గ్రీవాల్లో, అంటే ఆకు కాండంతో కలిసే మూలల్లో, చిన్న చిన్న జెమ్మాలు, అంటే తుంచుకుని మళ్లీ మొక్కయ్యే కణ ముద్దలు కనిపించవచ్చు. హయోఫిలాలోనూ ఇవి ఉంటాయి కాబట్టి వాటి ఉనికిని బట్టి ఒక్కదాన్నే తేల్చొద్దు, ఆకు అంచు చూడండి.

షాబాదు బండల మధ్య, సిమెంటు పగుళ్లలో, మనుషులు తొక్కే దారిలోనే పెరిగేది బ్రయమ్ అర్జెంటియం. దీనికి లెన్సు కూడా దాదాపు అక్కర్లేదు. ఎండినప్పుడు వెండి-బూడిద రంగు. ఆకుల పై సగంలో పత్రహరితం ఉండదు, ఆ తెల్లదనమే ఈ రంగుకు కారణం. ఆకులు ఒకదాని మీద ఒకటి కప్పుకుని కొమ్మ నున్నగా గుండ్రంగా ఉంటుంది. బాగా తడిసి నీడలో పెరిగితే వెండి తగ్గి పచ్చగా కనిపిస్తుంది, అక్కడే పొరబడతారు. అప్పుడు కొమ్మ చివర ఆకుల మొనలు చూడండి, తెలుపు మిగిలే ఉంటుంది.

అదే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) బ్రయమ్ కొరొనాటం గుళికలొచ్చినప్పుడు తేలిపోతుంది. ఎర్రటి కాడ పైన గుళిక తలకిందులుగా వేలాడుతుంది, కాడ కలిసే చోట మెడ ఉబ్బి గుళిక కంటే వెడల్పుగా ఉంటుంది. గుళిక లేని మొక్కకు ఈ పేరు పెట్టొద్దు, బ్రయమ్ అని ఆపెయ్యండి.

గోడ అడుగున నీడలో, కాలువ అంచు మట్టి మీద ఆకులు రెండు వరసల్లో చదునుగా, చిన్న ఈత మట్టలా పేర్చి ఉంటే అది ఫిసిడెన్స్. ఆకు మొదట్లో ఒక జేబు ఉంటుంది. ఈనెకు ఒకవైపు ఆకు రెండుగా చీలి కాండాన్ని పట్టుకుంటుంది, లెన్సులో టార్చి వెలుతురు పక్క నుంచి వేస్తే ఆ జేబు తెలుస్తుంది. ప్రజాతి గుర్తుపట్టడం పిల్లల ఆట, జాతి తేల్చడం మాత్రం సూక్ష్మదర్శిని లేకుండా కుదరదు.

చెట్ల బెరడు మీద, ముఖ్యంగా మామిడి లాంటి గరుకు బెరడు మీద, పలుచగా అంటుకుని దారపు పోగుల్లా పాకేది ఎర్పోడియం కావచ్చు. ఆకుల్లో ఈనె ఉండకపోవడం దీనికి గుర్తు. ఎండాకుల చెత్త తగలబెట్టిన చోట ఫ్యునేరియా కోసం కూడా ఒకసారి చూడండి: పొడవాటి కాడ, వంగిన జామకాయ ఆకారపు గుళిక, తేమ మారితే మెలితిరిగే కాడ.

నాలుగో పని: లివర్‌వర్టులు

ఇంటర్ పుస్తకంలో బొమ్మ ఉన్న మార్కాన్షియా కోసం వెతుక్కుంటూ తిరిగితే నిరాశే. మన సమాధుల తోటలో ముందు దొరికేది రిక్షియా. దాని చోటు గడ్డి పలుచగా ఉండి, నీళ్లు నిలిచి ఇంకిపోయే ఉత్త మట్టి: దారి అంచు, రెండు సమాధుల మధ్య తొక్కుడు నేల, పూలకుండీ మట్టి. కాండం, ఆకు అని తేడా లేని చదునైన పచ్చటి పట్టీ, అంటే థాలస్. అది రెండుగా, మళ్లీ రెండుగా చీలుతూ ఒకటి రెండు సెంటీమీటర్ల గుండ్రటి చక్రంలా నేలకు అంటుకుంటుంది. ప్రతి పట్టీ మధ్యలో గాడి. గుళికకు కాడ ఉండదు, అది థాలస్ లోపలే మునిగి ఉంటుంది. పాతబడిన చోట నల్లటి చుక్కలు కనిపిస్తే అవి పండిన సిద్ధబీజాలే.

రిక్షియా దొరికితే కంగారుగా పీకకుండా ఈ వరసలో చూడండి. పైభాగం నునుపుగా వెల్వెట్‌లా ఉందా, రంధ్రాలు పడి స్పాంజిలా ఉందా? ఇది ప్రజాతిని రెండు పెద్ద గుంపులుగా విడదీస్తుంది. గాడి పట్టీ పొడవునా ఉందా, కొన దగ్గరే ఉందా? అంచులు, అడుగు భాగం ఊదారంగులో ఉన్నాయా, తెల్లగా ఉన్నాయా? అంచున వెంట్రుకలున్నాయా? అడుగు భాగాన ఊదా రంగు పొలుసులు ముదురుగా ఉంటే రిక్షియా డిస్కలర్ కావచ్చు. "కావచ్చు" అనే రాయండి, ఎందుకంటే రిక్షియా జాతులు ఖాయంగా తేలేది సిద్ధబీజం పరిమాణం, దాని మీది గీతల అల్లిక చూశాకే. అందుకే అక్టోబరు యాత్ర.

పాత గోడ మొదట్లో, రాతి సందుల్లో ఇంకాస్త పెద్ద పట్టీలు, 4 నుంచి 8 మిల్లీమీటర్ల వెడల్పువి, లేత పచ్చగా ఉంటే ప్లేజియోకాస్మా కోసం చూడండి. ఎండితే అంచులు పైకి చుట్టుకుని కిందున్న ముదురు ఊదా పొలుసులు బయటపడతాయి, దూరానికి నల్ల పురికొస ముక్కల్లా ఉంటాయి. సిద్ధబీజాలను మోసే కాడలు పట్టీ కొసన కాకుండా పైభాగం మధ్య నుంచి, ఒకదాని వెనుక ఒకటి లేస్తాయి. అదే దీనికి తిరుగులేని గుర్తు. కాడలు లేకుండా, కొన అడుగున నల్లటి రెండు రెప్పల తొడుగు ఉంటే టార్జియోనియా గురించి ఆలోచించాలి.

వెలుతురు తక్కువ చోట్లు, అంటే మెట్ల కింద, పాత బావి గట్టు లోపల, తడి కాలువ కప్పు కింద, సయాథోడియం ఉండొచ్చు. అతి పలుచన, పసుపు పచ్చ, పక్క నుంచి చూస్తే మెరుస్తున్నట్టు ఉంటుంది. టార్చి వేసి ఆ మెరుపును పోగొట్టకుండా ముందు మామూలు వెలుతురులో చూడండి. తాకితే చాలు చితికిపోతుంది, ఫొటోతో సరిపెట్టుకోవడం మేలు.

ముదురు పచ్చ థాలస్ మీద నిటారు కొమ్ములు లేస్తే అది లివర్‌వర్ట్ కాదు, హార్న్‌వర్ట్, ఆంథోసెరోస్ వర్గం. నోటోథైలాస్‌లో ఆ కొమ్ము పొట్టిగా, పడుకుని ఉంటుంది. రిక్షియా పెరిగే మట్టిలోనే ఇవీ ఉండొచ్చు. ఇక ఆకులుండే లివర్‌వర్టులు, బెరడు మీద రెండు వరసల ఆకులతో ఈనె లేకుండా పెరిగేవి, తడి అడవుల సొత్తు. నగరం నడిబొడ్డున వాటి మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

అయిదో పని: నమూనా

బొటనవేలి గోరంత చాలు. మొత్తం గుంపులో పదో వంతు మించకూడదు. ఒకే గుంపు ఉంటే అసలు తీయకూడదు. చాకును మొక్క కింద అడ్డంగా పోనిచ్చి, కొద్దిగా మట్టితో లేదా సున్నపు పొడితో సహా ఎత్తండి. మూలతంతువులు, అంటే వేళ్లలా పట్టుకునే పోగులు, తెగకుండా ఉంటాయి, ఆధారం (మొక్క దేన్ని పట్టుకుని పెరిగిందో అది) ఏమిటన్నదీ పొట్లంలోనే ఉంటుంది. లివర్‌వర్టును తిప్పి అడుగు భాగం అక్కడికక్కడే ఫొటో తీయండి. ఇంటికొచ్చేసరికి పొలుసుల రంగు మారిపోతుంది.

ప్లాస్టిక్ సంచిలో వేస్తే మర్నాటికి బూజు పడుతుంది. ఏ4 కాగితాన్ని నిలువుగా పెట్టుకుని కింది అంచును పన్నెండున్నర సెంటీమీటర్లు పైకి మడవండి. పైన మిగిలిన దాదాపు 5 సెంటీమీటర్ల అంచును దాని మీదికి మడవండి. రెండు పక్కలా మూడున్నర సెంటీమీటర్ల చొప్పున వెనక్కి మడిస్తే 14 సెంటీమీటర్ల వెడల్పు పొట్లం తయారు. మూత మీద పెన్సిలుతో నంబరు, తేదీ, చోటు, ఆధారం, నీడా ఎండా, గోడ దిక్కు, నేల నుంచి ఎత్తు రాయండి. ఆధారం దగ్గర "గోడ" అని రాస్తే చాలదు, "గ్రానైటు గోడ, రాళ్ల మధ్య సున్నం" అని రాయాలి.

ఇంట్లో పొట్లాలు తెరిచి ఫ్యాను గాలికి నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, బరువు పెట్టి నొక్కొద్దు. నాచును ఏళ్ల తర్వాత తీసి నీళ్లు వేసినా ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి. రిక్షియాను మాత్రం పచ్చిగా ఉన్న ఒకటి రెండు రోజుల్లోనే కోసి చూడాలి, ఎండితే లోపలి గాలి గదులు కుదించుకుపోతాయి.

ఆరో పని: సూక్ష్మదర్శిని కింద

కాలేజీ ల్యాబుల్లో ఉండే 40, 100, 400 రెట్ల సూక్ష్మదర్శిని ధారాళంగా సరిపోతుంది. అది లేకపోతే 140 రెట్లు చూపే కాగితపు ఫోల్డ్‌స్కోప్‌తోనూ నాచు ఆకులో కణాలు కనిపిస్తాయి. ఎండిన కొమ్మను వేడి నీటిలో నిమిషం ఉంచండి. బుడగలు వదలకపోతే చిమటా కొనను సబ్బు నీటిలో ముంచి తాకించండి. కొమ్మను స్లైడు మీద పడుకోబెట్టి, కొనను పట్టుకుని, రెండో చిమటాతో పై నుంచి కిందికి గీస్తే ఆకులు ఊడొస్తాయి. ముదిరిన పెద్ద ఆకులు నాలుగైదు చూడండి, ఒక్క ఆకుతో నిర్ణయానికి రావొద్దు.

మొదటి ప్రశ్న కణాల ఆకారం. పొడవాటి, నునుపైన, అద్దంలా తేటగా ఉన్న కణాలైతే బ్రయమ్ వైపు. చిన్నవి, గుండ్రం-చతురస్రం మధ్య ఉండి, వెలుతురు సరిగా దూరనివైతే హయోఫిలా, బార్బులా వైపు. బార్బులా ఆకు వెనుక ఈనె మీద గరుకు మొటిమలుంటాయి, హయోఫిలాలో ఆకు పైముఖం కణాలు ఉబ్బి, వెనుక ముఖం నునుపుగా ఉంటుంది. ఒకే పొట్లంలో రెండు రకాల ఆకులు వస్తే పొట్లాన్ని రెండుగా విడదీసి నంబరు పక్కన అ, ఆ అని రాయండి. ఈ కలగాపులగం గోడ నాచుల్లో మామూలే.

రిక్షియా అడ్డుకోతకు క్యారెట్ ముక్కను నిలువుగా చీల్చి, చీలికలో పట్టీని ఇరికించి, కొత్త బ్లేడుతో క్యారెట్‌తో కలిపి పలుచగా కోయాలి. పది కోస్తే ఒకటి రెండు పనికొస్తాయి. గాడి లోతు, పట్టీ వెడల్పు దాని మందానికి ఎన్ని రెట్లు, పైన కణాల వరసలు స్తంభాల్లా దట్టంగా ఉన్నాయా గాలి గదులు పెద్దవిగా ఉన్నాయా అన్నవి రాసుకోండి. నల్ల చుక్కను సూదితో చిదిపితే సిద్ధబీజాలు బయటికొస్తాయి.

పేరు రాసే దగ్గర

ఫోన్ యాప్‌లు ఎక్కువగా చలి దేశాల ఫొటోలతో తర్ఫీదయ్యాయి. మన సున్నం గోడ మీది హయోఫిలాకు అవి టార్టులా మ్యూరాలిస్ అని ధీమాగా పేరు పెట్టేయగలవు. టార్టులాలో ఈనె ఆకు దాటి తెల్లటి వెంట్రుకలా బయటికొస్తుంది, హయోఫిలాలో రాదు. ఆ ఒక్క వెంట్రుక లేదంటే యాప్ మాట పక్కన పెట్టండి. ప్రజాతి దాకా నమ్మకంగా రాసిన జాబితా, జాతి దాకా ఊహించి రాసిన జాబితా కంటే పదింతలు పనికొస్తుంది.

నిర్ధారణ కావాలంటే గుళికలున్న నమూనా, పూర్తి వివరాల పొట్లం, ఎండిన, తడిసిన, అడుగు భాగపు ఫొటోలు తీసుకుని ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగాన్నో, నగరంలోనే ఉన్న భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రాన్నో ముందుగా ఉత్తరం రాసి సంప్రదించండి. వివరాలు లేని పొట్లం ఎంత మంచి మొక్కదైనా ఎవరూ ఏమీ చేయలేరు.

చర్చి ఆఫీసుకు జాబితా నకలు ఒకటి ఇవ్వండి. మరుసటి జులైలో అనుమతి అడగడానికి వెళ్లినప్పుడు అదే మీ పరిచయ పత్రం. సమాధుల పండుగకు సున్నం వేసిన గోడను జాబితాలోంచి కొట్టెయ్యకుండా, దాని మీద 10 సెంటీమీటర్ల చదరాన్ని పటంలో గుర్తించి, అదే కోణం నుంచి ఏటా ఫొటో తీస్తూ, మొదట ఏది తిరిగొచ్చిందో, ఎన్ని వానాకాలాలకు వచ్చిందో రాస్తూ ఉండండి.